పెయిన్‌లెస్ టీకానా, మామూలుదా?

బెంగళూరులో మారతహళ్ళి వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి 6 వారాలు వచ్చాయంటే చాలు, ఇదే టెన్షన్.

ఖర్చు: మామూలుదంటే ప్రభుత్వ పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి ఒకే టీకా), ఇది ఉచితం. ప్రైవేటులో పెయిన్‌లెస్ సిక్స్ ఇన్ వన్ (ఆరు జబ్బులకి ఒకే టీకా) డోసు వేలల్లోనే.

సూదులు: సిక్స్ ఇన్ వన్‌లో పోలియో కూడా కలిసే ఉంటుంది, ఒక పోటు తగ్గుతుంది.

ఆ రాత్రి: మామూలుదానికి జ్వరం, తొడ మీద గట్టిగా వాపు, ఎత్తుకున్నా ఆగని ఏడుపు. పెయిన్‌లెస్‌కి ఇవి తక్కువే, అసలుండవని మాత్రం పేరు చూసి నమ్మకండి.

రక్షణ: అసలు తేడా రెండు టీకాల్లోనూ ఉండే కోరింత దగ్గు భాగం దగ్గరే: మామూలుదాంట్లో ఆ క్రిమిని చంపి మొత్తంగా వాడతారు, పెయిన్‌లెస్‌లో దాని కొన్ని భాగాలే ఉంటాయి. 2010లో కాలిఫోర్నియాలో ఆ దగ్గు విజృంభించాక చేసిన పరిశోధనల్లో, పెయిన్‌లెస్ రకం రక్షణ ఏళ్ళు గడిచేకొద్దీ త్వరగా తగ్గిపోతోందని తేలింది.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డయితే నా ఓటు మామూలుదానికే. ముందు డోసుకి ఫిట్స్ లాంటివి వచ్చుంటే డాక్టర్ని అడిగి పెయిన్‌లెస్‌కి మారండి. ఏది వేయించినా బూస్టర్లు మానొద్దు.