మూత గట్టిగా ఉంటేనే మార్బుల్ హ్యాచెట్

చాలా ఇళ్లలో అక్వేరియం పైభాగం బోసిగానే ఉంటుంది. టెట్రా చేపలు నడిమిన తిరుగుతాయి, కోరీడోరాస్ చేపలు అడుగున ఇసుక కెలుకుతాయి, పైన నాలుగు అంగుళాల నీళ్లు ఖాళీ. నా మూడడుగుల తొట్టిలో ఆ ఖాళీ కోసమే మార్బుల్ హ్యాచెట్లను తెచ్చాను. కొన్నేళ్లుగా పెంచుతున్నాను. ఇంత అందంగా గుంపు కట్టే పైనీటి చేపను నేను ఇంకోటి చూడలేదు. అయినా అక్వేరియం కొత్తగా మొదలుపెట్టేవారిని కొనమని మాత్రం అనను.

మూడున్నర సెంటీమీటర్ల చేప. వీపు తిన్నగా, రొమ్ము గొడ్డలి అంచులా వంగి ఉంటుంది. ఆ రొమ్ము నిండా పక్క వాజాలను ఆడించే కండరాలే. బెదిరితే ఆ బలంతోనే ఒక్క ఉదుటున నీటి పైకి లేస్తుంది. గాలిలో రెక్కలు కొట్టుకుంటూ ఎగురుతుందని కొందరంటారు. నా కంటికి కనిపించింది మాత్రం దూకడమే.

గాజు మూత పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఫిల్టరు గొట్టం, హీటరు వైరు దూరే మూలన రెండు వేళ్ల సందు దొరికితే సరిగ్గా అక్కడి నుంచే బయటపడుతుంది. ఆ సందుల్లో స్పాంజి ముక్కలు కూరాను. నీళ్లు అంచు దాకా నింపను, మూతకు నాలుగు వేళ్ల దూరం వదులుతాను. రాత్రి గదిలో దీపం వెలుగుతుండగానే తొట్టి లైటు ఆర్పాలి. ఒక్కసారిగా చీకటి చేస్తే మూతకు టపటపా కొట్టుకుంటాయి. నీటి మీద తేలే అంతరతామర మొక్క పెరిగి సగం నీటిని కప్పాక ఈ బెదురు బాగా తగ్గింది. ఇప్పుడు దాని వేలాడే వేర్ల మధ్య, ఫిల్టరు ధారకు ఎదురుగా ముఖాలు పెట్టి, వరుసగా నిలబడి ఉంటాయి. ఆరుకు తగ్గితే ఈ వరుసే కట్టవు, మూలన నక్కుతాయి. పదికి పైగా ఉంచితే మంచిది.

ఇక మేత. నోరు పైకి తెరుచుకునే చేప కనుక మునిగిన మేత దానికి పట్టదు. అంగుళం కిందకు జారిన ఫ్లేకు, అంటే రేకుల మేత, కళ్ల ముందే దిగుతున్నా కదలదు. అది కోరీడోరాస్ వాటా. ఫ్లేకులను వేళ్లతో నలిపి, ధారకు దూరంగా, కొద్దికొద్దిగా చల్లాలి. అసలు పండగ మాత్రం ముగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలతోనే. సీసాలో తొక్క వేసి పట్టి, కాసేపు ఫ్రిజ్‌లో పెడితే అవి మందగిస్తాయి. నీటి మీద దులిపాక ఈగ కాళ్లు కదిపిందంటే సన్నని అలలు లేస్తాయి. దగ్గరున్న హ్యాచెట్ ఒకసారి వణికి, గిరుక్కున తిరిగి, టుప్‌మని లాగేస్తుంది. దోమ లార్వాలు దొరికితే అవీ వదలవు. వాటి కోసం ఇంట్లో బకెట్లలో నీళ్లు నిలవబెడితే ఇంటివాళ్ల చేత, వానాకాలంలో పురపాలక సిబ్బంది చేత తిట్లు ఖాయం కనుక ఆ జోలికి పోలేదు.

హైదరాబాదులో మా బోరు నీళ్లు వీటికి పనికిరావు. అమెజాన్, గయానా వాగుల్లోని, లవణాలు తక్కువున్న తేలికైన, కాస్త ఆమ్లపు నీళ్ల చేపలివి. ఆర్‌ఓ నీళ్లలో క్లోరిన్ పోగొట్టిన కుళాయి నీళ్లు కొంచెం కలిపి, పీహెచ్ 6.5 దగ్గర, వేడి 25–27 డిగ్రీల మధ్య ఉంచుతాను. చలికాలంలో హీటరు లేకపోతే తెల్ల చుక్కల జబ్బు పొంచి ఉంటుంది. కఠినమైన బోరు నీళ్లే దిక్కయినవారికి జీబ్రా డానియోలు నయం. మన గంగా, బ్రహ్మపుత్రల వైపు చేపలవి, మొండివి. కాకపోతే రెండింటినీ కలపకూడదు. హ్యాచెట్ తేరుకునేలోపే డానియోలు మేతంతా ఊడ్చేస్తాయి.

దుకాణాలకు వచ్చేవి ఎక్కువగా వాగుల్లో పట్టినవే, ప్రయాణంలో చిక్కిపోయి ఉంటాయి. కొనేముందు పక్క నుంచే కాదు, ఎదురుగా కూడా చూడండి. రొమ్ము లోపలికి పీక్కుపోయి ఉంటే ఎంత చవకకు ఇచ్చినా వద్దు. దుకాణదారు చేత చిటికెడు మేత చల్లించి, పైకి వచ్చి అందుకున్నవాటినే సంచిలో వేయించుకోండి.