పాత మోటార్‌సైకిల్‌కి హ్యాండిల్‌బార్: ఏ సంతకెళ్లాలి, ఏం చూసి కొనాలి

హ్యాండిల్‌బార్ కోసం దూరం వెళ్లేవాళ్లు ముందు బండి దగ్గరే కాస్త సమయం పెట్టాలి. సంతలో వందల వంపులు కనబడతాయి, చేతిలోకి తీసుకుంటే అన్నీ సరిపోయేలాగే అనిపిస్తాయి. కొలతల్లేకుండా వెళ్తే ఆ ప్రయాణం దండగ.

మొదటి కొలత పైపు వ్యాసం. బ్రిటిష్, జపాన్ బళ్లలో చాలావాటికి 22.2 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. హార్లీ డేవిడ్‌సన్‌లకు, పాత ట్రయంఫ్‌లలో కొన్నిటికి నిండు అంగుళం, 25.4 మి.మీ. పాత బీఎండబ్ల్యూలకు 22 మి.మీ. తంటా అంతా ఈ చివరిదానితోనే. 22 మి.మీ. పైపు 22.2 క్లాంపులో, అంటే బార్‌ను బండికి పట్టి ఉంచే బిగింపులో, బిగిసినట్టే ఉంటుంది. బోల్టులు ఎంత తిప్పినా పట్టు మాత్రం పూర్తిగా రాదు. గట్టిగా బ్రేకు పట్టి ఒంటి బరువు చేతుల మీద పడగానే బార్ ముందుకు తిరిగిపోతుంది. అంగుళం క్లాంపులో 22.2 మి.మీ. బార్ పెట్టాలంటే 1.6 మి.మీ. మందం ఉన్న తొడుగు వేయాలి. రేకు ముక్కలు చుట్టి బిగించడం ప్రమాదం.

తర్వాత ఈ చివర నుంచి ఆ చివరకు వెడల్పు, క్లాంపు నుంచి గ్రిప్పుల దాకా ఎత్తు, గ్రిప్పులు వెనక్కి ఎంత వచ్చాయో ఆ దూరం కొలవాలి. మధ్యలో క్లాంపులు కూర్చునే వంపు లేని భాగం పొడవు చాలామంది మరిచిపోతారు. రెండు క్లాంపుల మధ్య దూరం ఎక్కువున్న బండికి ఆ భాగం పొట్టిగా ఉన్న బార్ తెస్తే క్లాంపు వంపు మీద కూర్చుంటుంది. పాత బార్‌ను అట్టమీద పెట్టి పైనుంచి ఒక గీత, పక్కనుంచి ఒక గీత గీసుకుని ఆ అట్టనే తీసుకెళ్లడం అన్నిటికన్నా మేలు. వెర్నియర్ కాలిపర్ జేబులో ఉండాల్సిందే.

బ్రిటిష్ బళ్లవాళ్లకు ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో, బ్యూలీ నేషనల్ మోటార్ మ్యూజియం ఆవరణలో సెప్టెంబరులో జరిగే ఆటోజంబుల్ మొదటి ఎంపిక. 1967 నుంచి ఉన్న సంత ఇది. లివర్ల ఆధారాలు బార్‌కే అతికి ఉండే పాతకాలపు రకాల కోసం వెతకడానికి ఇలాంటి చోటే కావాలి. ఆరుబయలు కాబట్టి వాన పడితే నేలంతా బురద, మంచి బూట్లు అవసరం. రైల్లో వెళ్లేవాళ్లు బ్రోకెన్‌హర్స్ట్‌లో దిగి టాక్సీ పట్టుకోవాలి. చుట్టుపక్కల ఊళ్లలో గదులు తక్కువ. ఆలస్యంగా వెతికేవాళ్లు సౌతాంప్టన్‌లో బస చేయడమే నయం.

జర్మనీలో మన్‌హైమ్ వెటరామా సంత అక్టోబరులో. బీఎండబ్ల్యూ, ఎన్ఎస్‌యూ, డీకేడబ్ల్యూ, జుండాప్ బళ్లకు నా ఓటు దీనికే. మైమార్క్ట్ మైదానానికి దగ్గర్లోనే లోకల్ రైలు స్టేషన్ ఉంది. నగరంలో హోటల్ తీసుకుని సొంత వాహనం లేకుండా తిరగొచ్చు. నగదు దగ్గరుంచుకోవాలి.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం, లెక్సింగ్టన్ దగ్గరి మిడ్-ఒహాయో రేసు ట్రాక్‌లో జూలైలో జరిగే వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్ సంతకు హార్లీ, 1960-70ల జపాన్ బళ్లవాళ్లు వెళ్లాలి. అమెరికాకు ఎగుమతైన ట్రయంఫ్, బీఎస్‌ఏల ఎత్తు బార్లు వెతకడానికీ అదే చోటు. లోపలే గుడారం వేసుకునే వసతి ఉంది. అయితే సొంత వాహనం లేకపోతే అక్కడ కాలు కదపడం కష్టం.

ఎండలో క్రోమ్ మెరుపుకి గుంటలు కనబడవు. బార్‌ను నీడలోకి తెచ్చి గోరుతో రాస్తూ చూడాలి. క్లాంపు కూర్చునే గరుకు భాగం అంచున పగుళ్లున్నాయేమో వెతకాలి. తుప్పు ముందు అక్కడే పడుతుంది, తెగడం కూడా అక్కడే మొదలవుతుంది. పక్కనుంచి చూస్తే రెండు గ్రిప్పు భాగాలు ఒకదాని వెనక ఒకటి దాక్కోవాలి. దాక్కోకపోతే ఆ బార్ ఎప్పుడో కింద పడింది. అల్యూమినియం బార్ వంగితే దాన్ని తిన్నగా చేయబోకుండా వదిలేయాలి. వంపు సరిగ్గా ఉండి పైపూత మాత్రమే పోయిన అసలు ఉక్కు బార్, తళతళలాడే కొత్త నకలు కంటే నాకు విలువైనది.

దాన్ని క్రోమ్ వేసేవాళ్లకిచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. గుంటలు పోయేదాకా అరగదీస్తే పైపు గోడ పల్చనవుతుంది. అందుకే ఎంతవరకు అరగదీయాలో ముందే మాట్లాడుకోవాలి, లోపల యాసిడ్ నిలవకుండా బాగా కడగమనాలి. పూత మందమైతే లివర్ క్లాంపు ఎక్కదు. కొత్తగా పైపు వంచేవాళ్ల దగ్గర వంపు లోపలివైపు చూడండి, ముడతలు పడితే వద్దనండి.

ఎత్తు మారితే క్లచ్, ముందు బ్రేకు, యాక్సిలరేటర్ కేబుళ్లు కూడా మారతాయి. వాటిని అదే సంతలో కొనేస్తే రెండో ప్రయాణం తప్పుతుంది. బిగించాక ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పాలి. ఒక పక్కకు తిప్పినప్పుడు ఇంజన్ వేగం పెరిగితే కేబుల్ పొట్టిదైనా అయ్యుండాలి, తప్పు దారిలోనైనా పోతుండాలి. అలా తిప్పినప్పుడు గ్రిప్పుకి, ట్యాంకుకి మధ్య వేళ్లు నలగకూడదు. వైర్లు బార్ లోపలి నుంచి పోయే జపాన్ బళ్లకు రంధ్రాలున్న బార్ తీసుకోవాలి. రంధ్రం మీరే వేస్తే క్లాంపుకి దూరంగా వేసి అంచులు నున్నగా చేయండి. లేకపోతే కొన్నాళ్లకి వైరు తెగి షార్ట్ అవుతుంది.

తిరుగు ప్రయాణంలో బార్ మామూలు సూట్‌కేసులో పట్టదు. రెండు చివరలకూ గుడ్డ చుట్టి, గట్టి అట్టపెట్టెలో వేసి, విమానంలో విడి సామానుగా ఇవ్వాలి. దాని కొలతలకు ఎంత రుసుమో టికెట్ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి.