77 సెంటీమీటర్ల సాటర్న్ 5: ఒక ఫిట్టర్ మాట

పోయిన వేసవిలో మా అమ్మాయి అమెరికా నుంచి వస్తూ ఏం తెమ్మంటావని అడిగింది. బాదంపప్పు వద్దమ్మా, మనుషుల్ని చంద్రుడి మీదికి పంపిన అమెరికా రాకెట్ సాటర్న్ 5 ప్లాస్టిక్ కిట్ తెమ్మన్నాను. 1/144 స్కేలుది, అంటే అసలుదానిలో 144వ వంతు. కంపెనీ పేరు రాయను. నా డబ్బాలో లోపాలుంటే అన్ని డబ్బాల్లోనూ ఉంటాయని కాదు కదా. లోకో షెడ్డులో ముప్పై ఒక్కేళ్లు ఫిట్టర్‌గా చేసినవాణ్ణి. రెండు ముక్కలు ఎలా కూర్చున్నాయో వేలితో తడిమి చూడందే దేన్నీ మెచ్చుకోలేను.

అసలు రాకెట్ ఎత్తు 110.6 మీటర్లు. కిట్ పూర్తయ్యాక 77 సెంటీమీటర్లు, మా భోజనాల బల్ల కంటే ఒక పిసరు ఎక్కువ. మొదటి దశ 7 సెంటీమీటర్ల లావు గొట్టం. నిలువునా చీల్చిన రెండు సగాలుగా వస్తుంది, తంటా అంతా అక్కడే. అంటించాక అతుకు పైనుంచి కిందిదాకా కనిపిస్తూనే ఉంటుంది. పుట్టీ పెట్టి వాటర్ పేపర్‌తో రుద్దేద్దామా అంటే, రెండు ట్యాంకుల నడుమ భాగం రేకుల షెడ్డు కప్పులా ముడతలు ముడతలుగా ఉంటుంది. అసలు రాకెట్‌లోనూ అంతే. రుద్దితే ముడతలు పోతాయి, రుద్దకపోతే అతుకు మిగులుతుంది. చివరికి మిగిలిపోయిన స్ప్రూ (కిట్ ముక్కల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్కను కొవ్వొత్తి సెగకు మెత్తబరిచి సాగదీశాను. వెంట్రుకలాంటి పోగు వచ్చింది. అరిగిపోయిన ముడత ఒక్కోదాని చోట ఒక్కో పోగు అంటించాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఫెవిక్విక్ జోలికి మాత్రం పోకండి, చుట్టూ తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే పలచటి సిమెంటే దీనికి సరి.

రంగుల కాగితంలో పెద్ద పొరపాటే ఉంది. ఆ నడుమ భాగం మీద నల్ల పట్టీలు వేయమంటుంది. అవి 1966లో లాంచ్ ప్యాడ్ మీద సరిచూసుకోవడానికి కట్టిన ఎస్ఏ-500ఎఫ్ మీదివి. అది ఎగరడానికి కట్టింది కాదు. నలుపు ఎండకు వేడెక్కుతోందని, ఎగిరినవాటికి అక్కడ తెల్లరంగు వేశారు. బెజవాడ ఎండలో నిలబెట్టిన స్కూటర్ నల్ల సీటు మీద కూర్చున్నవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. నేను తెలుపే వేశాను.

అడుగున ఐదు ఎఫ్-1 ఇంజన్ల గంట ఆకారపు నాజిళ్లు చక్కగా కుదిరాయి, గీకాల్సిన పనే పడలేదు. కొసన ఎస్కేప్ టవర్, అంటే ప్రమాదమైతే వ్యోమగాముల గదిని లాగేసేది, అగ్గిపుల్ల కంటే సన్నం. స్ప్రూ నుంచి తెంపుతుంటే ఒక కాలు విరిగింది, అది నా తొందరే. డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మలు, మాత్రం దారుణం. నీళ్లలో వేయగానే మొదటి జెండా నాలుగు ముక్కలైంది. మిగతా షీటంతా ముందు క్లియర్ లక్కర్ కొట్టి ఆరబెట్టి వేస్తే నిలిచాయి.

స్ప్రేలు ఆటోనగర్‌లో కార్లకు వాడేవే తెచ్చాను. ప్రైమర్ బ్రహ్మాండంగా పట్టింది. జులై ముసురులో మిగతా చోట్ల నలుపు కొడితే బూడిద పూసినట్టు పాలిపోయింది. ఎండ కాసేదాకా ఆగి మళ్లీ కొట్టాను.

పదేళ్ల పిల్లలకు కొనకండి, ఏడుస్తారు. చేతిలో ఓపిక, ఇంట్లో ఒక పాత బల్ల ఉంటే కొనండి.

"తాతయ్యా, దీని పక్కన మన రాకెట్ ఎంతుంటుంది?" అన్నాడు మనవడు. 2023లో శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 ఎత్తు 43.5 మీటర్లు. ఈ స్కేల్లో 30 సెంటీమీటర్లు. పక్కనుండే రెండు బూస్టర్లు 3.2 మీటర్ల లావు, అంటే 22.2 మిల్లీమీటర్లు. వెర్నియర్ పెట్టి చూస్తే ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు బయటి కొలత సరిగ్గా అదే! అంగుళం పైపు నడిమి దశకు ఒక మిల్లీమీటరు లోపు తేడాతో సరిపోయింది. ప్లంబరు దగ్గర మిగిలిన ముక్కలు తెచ్చి కోసి పెట్టాను. కొసన శంకువులు దేనితో చేయాలన్నదే ఇంకా తేలలేదు. మనవడు బాల్‌పెన్ను మూతలు పోగేస్తున్నాడు.