గార్ ద లియోన్ మేడ మీద భోజనం

రైల్వేలో ముప్పై నాలుగేళ్లు గార్డుగా చేశాను. ఇప్పుడు ఆ పోస్టుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ నేను గార్డుగానే రిటైరయ్యాను. మూడు గంటల బండికి పదకొండున్నరకే స్టేషన్లో ఉండే అలవాటు మాత్రం రిటైరవలేదు. పారిస్‌లోనూ అదే చేశాను. లియోన్‌లో ఉండే మా అమ్మాయి మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చింది. "ఇంత ముందొచ్చి ఇక్కడ ఏం చేస్తాం నాన్నా?" అని కాసేపు విసుక్కుని, చివరికి తనే "సరే, పైన భోంచేద్దాం పదండి" అంది. పైన అంటే పారిస్‌లోనే ఉన్న గార్ ద లియోన్ స్టేషన్ మేడ మీది 'లె త్రాఁ బ్లూ' రెస్టారెంటు, అంటే నీలం బండి. బోర్డు చూసి నేను 'ట్రైన్ బ్లూ' అని చదివితే మూడుసార్లు దిద్దింది. నాలుగోసారి వదిలేసింది.

స్టేషన్ హాల్లోంచే పెద్ద మెట్లున్నాయి. పెట్టెలు పట్టుకుని ఎక్కి లోపలికి వెళ్లేసరికి మా ఆవిడ నిలబడిపోయింది. గోడల మీద, కప్పు మీద జానెడు ఖాళీ లేదు. బంగారు పూత, చెక్కిన పూలు, బొమ్మలు, షాండ్లియర్లు. నిజం చెప్పాలంటే నాకు మొదట నచ్చలేదు. మనవాళ్లు రిసెప్షన్‌కి ఫంక్షన్ హాల్లో వేయించే సెట్టింగు గుర్తొచ్చింది. ఇంత పటాటోపం దేనికి అనుకున్నాను.

కూర్చున్న పది నిమిషాలకి విషయం తెలిసింది. మా టేబులు పక్క గోడ మీద మంచు కొండ. అమ్మాయి ఫోన్లో చూసి ఆల్ప్స్‌లోని మాఁ బ్లాఁ శిఖరం అంది. ఇంకోచోట మార్సెయ్ ఓడరేవు. మరోచోట నీస్ ఊళ్లో జనం ఒకరి మీద ఒకరు పూలు విసురుకుంటున్నారు. అది అక్కడ ఏటా చేసే పూల యుద్ధమట, గీసినాయన పేరు ఆఁరీ జెర్వెక్స్. మొత్తం 41 బొమ్మలు. పెద్ద హాలు కప్పు మీద మూడు ఊళ్లు: పారిస్, లియోన్, మార్సెయ్. అప్పుడు తట్టింది, ఇది రూట్ చార్టు! ఇక్కణ్ణుంచి బయల్దేరే లైను ఎక్కడెక్కడికి పోతుందో అక్కడి కొండలూ సముద్రాలూ గుళ్లూ తెచ్చి గోడలకెక్కించారు. మనం స్టేషన్ గోడ మీద టైం టేబుల్ రాయిస్తాం, వీళ్లు రంగుల్లో వేయించారు. అన్నం తింటూ ఆ నీలం సముద్రాన్ని చూసినవాడు టికెట్ కొనకుండా కిందికి దిగుతాడా?

దీన్ని కట్టించింది కూడా రైల్వే కంపెనీయే. పారిస్-లియోన్-మెడిటరేనియన్, పొట్టిగా పీఎల్ఎం అనేవారు. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం స్టేషన్‌ని కొత్తగా కట్టారు. ఆర్కిటెక్టు మారియుస్ తుదువార్. రెస్టారెంటుని 1901లో దేశాధ్యక్షుడు ఎమీల్ లూబే వచ్చి ప్రారంభించాడు. మా రాజమండ్రిలో గోదావరి మీద హేవలాక్ వంతెన మీదుగా రైళ్లు నడవడం మొదలైందీ 1900లోనే. ఆ లెక్క వేసుకున్నాక ఈ హాలు మా చుట్టాలిల్లులా అనిపించింది.

ఆరెంజ్ ఊళ్లోని పురాతన రోమన్ నాటకశాల బొమ్మ ఒకటుంది. ఆల్బేర్ మెన్యాఁ గీశాడు. అందులో ప్రేక్షకుల మధ్య ఆ కాలపు మహానటి సారా బెర్నార్‌నీ పెట్టేశాడు. కాసేపు వెతికితేగానీ దొరకలేదు.

పేరు సంగతి. మొదట్లో దీన్ని స్టేషన్ బఫే అనేవారు. ఉత్తరాన ఉన్న కాలే రేవు నుంచి పారిస్ మీదుగా దక్షిణ సముద్రతీరానికి డబ్బున్నవాళ్లని తీసుకెళ్లే రాత్రి బండి ఒకటుండేది. 1922లో దానికి నీలం, బంగారు రంగుల స్లీపర్ పెట్టెలు వేశారు, అప్పట్నుంచి జనం దాన్ని నీలం బండి అన్నారు. ఆ పేరే 1963లో ఈ రెస్టారెంటుకి పెట్టారు. ఒక దశలో పడగొట్టేద్దామనుకుంటే అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో అడ్డుపడ్డాడట. 1972లో ప్రభుత్వం దీన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది.

ఇక భోజనం. ఆ రోజు శనివారం. మా ఆవిడ శనివారాలు నీచు ముట్టదు. ఆ మాట అమ్మాయి వెయిటర్‌కి ఫ్రెంచిలో చెబితే అతను సీరియస్‌గా తల ఊపి వెళ్లాడు. నాకు ఇక్కడ పేరున్న గొర్రె తొడ మాంసం చెప్పాం. చక్రాల బండి మీద తొడ తొడంతా పెట్టుకుని టేబులు దగ్గరికే తెచ్చాడు. మూత తీశాడు, ఆవిరి లేచింది. పొడుగాటి సన్నని కత్తితో ఎముక వెంట కోసుకుంటూ పోయాడు. ఒక్కొక్క ముక్కా తమలపాకంత వెడల్పు, లోపల లేత గులాబీ రంగు. మన లెక్కలో ఉడకనట్టే! ఇలాగే తినాలంది అమ్మాయి. తిన్నాను. మెత్తగా, వెన్నలా కరిగింది. మసాలా ఏమీ లేకుండా మాంసం అసలు రుచి ఇలా ఉంటుందని అరవై రెండేళ్లకి తెలిసింది.

దాంతోపాటు వచ్చేది గ్రాతాఁ. బంగాళాదుంపల్ని పల్చటి బిళ్లలుగా కోసి, పాలూ మీగడా పోసి, పైన ఎర్రగా చిట్లేదాకా కాలుస్తారు. మా ఆవిడ తనకి వచ్చింది తినేసి, మాటామంతీ లేకుండా నాదీ తన వైపు లాక్కుంది. లియోన్ వెళ్లాక రెండుసార్లు చేసింది. కుదర్లేదు, మీగడ ఇంకా ఉండాలట.

చివర్లో బాబా అనే కేకు. దాని మీద రమ్ము పోస్తారు. మా ఆవిడకి పోయొద్దని చెప్పాం. ఆవిడ వాటా రమ్ము కూడా నా ప్లేట్లోనే పడింది, అంతకంటే వివరాలు అక్కర్లేదు.

బిల్లు ముగ్గురికీ కలిపి 200 యూరోలకి దగ్గరగా అయింది. రూపాయల్లోకి మార్చొద్దని అమ్మాయి ముందే ఒట్టు వేయించుకుంది, అయినా మార్చాను. గొర్రె తొడకైతే ఖరీదే. ఆ హాల్లో రెండు గంటలు కూర్చోనిచ్చినందుకైతే కాదు. మ్యూజియంలో ఇలాంటి కప్పు కింద మనల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టరు కదా. అంత పెట్టలేనివాళ్లు బారు వైపు వెళ్లండి. అక్కడ తోలు సోఫాలున్నాయి, కాఫీ చెప్పి కూర్చోవచ్చు. అలాంటి కప్పే, అలాంటి బంగారు పూలే. భోజనానికైతే ముందే బుక్ చేసుకోండి, మాకు టేబులు దొరకడం అదృష్టమే.

ఒక చిన్న విషయం చెప్పాలి. బెంచీల పైన కోట్లూ టోపీలూ పెట్టుకోవడానికి ఇత్తడి స్టాండ్లున్నాయి, పాత రైలు పెట్టెల్లో సామాన్ల అర ఉంటుందే, అచ్చం అలా. వేళ్లు తగిలి తగిలి మెరుస్తున్నాయి. లియోన్‌లో మా అమ్మాయి అద్దెకున్న పాత ఇంట్లో చలి కాచుకునే పొయ్యి గూటి పైన నిలువెత్తు అద్దం, కప్పు అంచుల్లో సున్నపు పూలు ఉన్నాయి. ఆ పూలల్లో దుమ్ము ఎవరు దులుపుతారని మొన్నటిదాకా గొణిగేవాణ్ణి. ఇప్పుడు అనడం లేదు. అమ్మాయి గమనించింది కూడా.

మూడు గంటల టీజీవీ, అంటే వాళ్ల హైస్పీడ్ బండి, టైముకే కదిలింది, వాచీ చూసి చెబుతున్నాను. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, రెండు గంటల్లో దింపేసింది. బొమ్మల్లో ఇరవై మూడే చూడగలిగాను. తిరుగు ప్రయాణంలో విమానం రాత్రి పదింటికి. మధ్యాహ్నానికల్లా గార్ ద లియోన్‌లో దిగిపోదామన్నాను. అమ్మాయి ఈసారి విసుక్కోలేదు.