హెచ్ఎంటీ జనతా: సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు

రోజూ పొద్దున కీ ఇచ్చి కట్టుకునే వాచీ కావాలనుకునేవాళ్లకు ఇప్పటికీ మొదట చెప్పాల్సిన పేరు హెచ్ఎంటీ జనతానే. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైంది. జనతాలోని మెషిన్‌కూ మూలం సిటిజన్ డిజైనే. 17 రాళ్లు, గంటకు 18,000 కొట్టుళ్లు, అంటే సెకనుకు ఐదు. చెవి దగ్గర పెట్టుకుంటే ఆ చప్పుడు విడివిడిగా, గట్టిగా వినిపిస్తుంది. వాచీ వెడల్పు సుమారు 35 మిల్లీమీటర్లు, తేదీ లేదు, మూడు ముళ్లు మాత్రమే. సన్నని మణికట్టుకు కూడా చక్కగా నప్పుతుంది.

17 రాళ్లంటే అలంకారం అనుకోవద్దు. చక్రాల ఇరుసులు ఇత్తడిలో తిరిగితే రంధ్రాలు అరిగి సాగిపోతాయి. గట్టి కెంపు రాయిలో తిరిగితే అరుగుదల చాలా తక్కువ. ఎక్కువ 17 రాళ్ల వాచీల్లో లెక్క ఇలా ఉంటుంది: అటూ ఇటూ ఊగుతూ నడకను నిలబెట్టే బ్యాలెన్స్ చక్రానికి అయిదు, దాన్ని ఆపుతూ వదులుతూ ఉండే ఫోర్క్‌కు నాలుగు, మిగతా నాలుగు చక్రాలకు రెండేసి చొప్పున ఎనిమిది. యాభై ఏళ్ల వాచీ కూడా శుభ్రం చేసి ఆయిల్ వేస్తే మళ్లీ నడవడానికి ముఖ్య కారణం ఈ రాళ్లే.

బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీతో పోటీ పెట్టి కొంటే మాత్రం నిరాశే. 1969 డిసెంబరులో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ, జపాన్‌లో తయారైన సీకో ఆస్ట్రాన్ వచ్చింది. ఆ తర్వాత మామూలైన క్వార్ట్జ్ వాచీల్లోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఐదు కొట్టుళ్ల స్ప్రింగు వాచీ దాని కచ్చితత్వాన్ని అందుకోలేదు. మంచి సర్వీసింగ్ అయిన జనతా రోజుకు ఇరవై ముప్పై సెకన్ల తేడాలో ఉంటే సంతోషించాలి. మన దేశంలో టైటాన్ క్వార్ట్జ్‌తో బజారును మార్చేశాక కీ వాచీలకు గిరాకీ తగ్గుతూ వచ్చింది. 2016 జనవరిలో కేంద్రం హెచ్ఎంటీ వాచెస్‌ను మూసేయాలని నిర్ణయించింది. అదే నిర్ణయంలో హైదరాబాద్‌లోని హెచ్ఎంటీ బేరింగ్స్ కూడా పోయింది.

ఇప్పుడు బజారులో దొరికే జనతాల్లో పెద్ద సమస్య రంగులు. ఆరెంజ్, చిలకపచ్చ, మెరిసే నీలం డయళ్లతో వచ్చే "కొత్తలాంటి" వాచీల్లో చాలావరకు పాత డయల్‌కు మళ్లీ రంగేసి అచ్చు వేసినవే. భూతద్దం పెట్టి అక్షరాల అంచులు చూడండి. ఒరిజినల్ అచ్చు సన్నగా, అంచులు పదునుగా ఉంటుంది. మళ్లీ వేసినది లావుగా, పాకినట్టు ఉంటుంది. నిమిషాల గీతలు గంట గుర్తులకు సరిగ్గా ఎదురుగా లేకపోయినా, సెకన్ల ముల్లు ఆ గీతల దాకా చేరకపోయినా అనుమానించాలి. కాస్త పసుపెక్కిన, మచ్చలున్న అసలు డయల్ ఉన్న వాచీయే మేలు. అమ్మేవాళ్లు వెనక మూత తీసిన ఫొటో ఇవ్వకపోతే వదిలేయండి.

మూత తీశాక చూడాల్సింది తుప్పు. కీ ఇవ్వడానికి తిప్పే బిళ్లకు లోపల ఉండే ఉక్కు కడ్డీ దగ్గర ఎర్రటి పొడి కనిపిస్తే లోపలికి నీళ్లు పోయాయన్నమాటే. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి, చెమటకు ఇది మరీ మామూలు. గ్లాసు మీద గీతలకు భయపడక్కర్లేదు. అది ప్లాస్టిక్, పాలిష్‌తో పోతాయి, లేదా కొత్తది వేయించవచ్చు.

నడకలో వచ్చే తేడాలకు కారణాలు వేరువేరు. రోజుకు పదేసి నిమిషాలు ముందుకు పోతుంటే బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని హెయిర్‌స్ప్రింగుకు అయస్కాంతం పట్టిందో, ఆయిల్ అంటుకుని చుట్లు కలిసిపోయాయో చూడాలి. దిక్సూచి పక్కన పెడితే ముల్లు కదిలిపోతే ముందు అయస్కాంతం తీయించి చూడండి. పని చిన్నదే, డబ్బూ పెద్దగా కాదు. సెకన్ల ముల్లు బాగానే తిరుగుతూ, గంటల ముల్లు, నిమిషాల ముల్లు వెనకబడుతుంటే స్పీడు కదిలించి లాభం లేదు. ముళ్లను పట్టి తిప్పే గొట్టం వదులైంది, దాన్ని బిగించాలి. పడుకోబెడితే నడిచి, నిలబెడితే ఆగితే సాధారణంగా మురికి, లేదా బ్యాలెన్స్ ఇరుసు అరుగుదల.

సర్వీసింగ్‌లో మోసపోయే చోటు ఒకటుంది. మెషిన్ విప్పకుండా మొత్తంగా పెట్రోల్‌లో ముంచి ఆరబెట్టి ఇచ్చేవాళ్లున్నారు. పాత ఆయిల్ కొంత కరుగుతుంది గానీ రాళ్ల గుంటల్లో గడ్డకట్టిన మురికి అలాగే ఉంటుంది, కొత్త ఆయిల్ అసలు పడదు. నెల రోజులు బ్రహ్మాండంగా నడిచి, ఆ తర్వాత అరగడం మొదలవుతుంది. ఇచ్చేముందే "మొత్తం విప్పి, మెయిన్‌స్ప్రింగు (కీ ఇస్తే చుట్టుకునే పెద్ద స్ప్రింగు) తీసి కడుగుతారా?" అని అడగండి. నాలుగైదేళ్లకోసారి ఈ పని చాలు.

కీ ఇచ్చేటప్పుడు వాచీ చేతి నుంచి తీయాలి. కట్టుకుని తిప్పితే కడ్డీ మీద పక్క ఒత్తిడి పడి వంగవచ్చు. ఇరవై ముప్పై తిప్పులకు గట్టిగా తగులుతుంది, అక్కడ ఆపేయండి. తిప్పి వదలగానే బిళ్ల జర్రున వెనక్కి తిరిగితే స్ప్రింగును పట్టి ఉంచే కొండి అరిగినట్టు. వానలో, స్నానంలో వద్దు. గ్లాసు లోపల ఆవిరి పట్టిందా, బియ్యం డబ్బాలో పెట్టి ఎదురుచూడకుండా ఆ రోజే మూత తీయించండి.

ఇంకొక్క మాట. కొనేటప్పుడే అదే మెషిన్ ఉన్న ఆగిపోయిన వాచీ ఒకటి తక్కువకు దొరికితే తీసి పెట్టుకోండి. కడ్డీ, కీ బిళ్ల, మెయిన్‌స్ప్రింగు, బ్యాలెన్స్ అన్నీ అందులోంచే వస్తాయి.