పైథానా, సీనా, జావాస్క్రిప్టా? హ్యాకింగ్ నేర్చుకునేవాడికి మొదట ఏది మేలు

బెంగళూరు మారతహళ్ళిలో నేనుండే పీజీకి గత నెల మా పిన్ని కొడుకు అనంతపురం నుంచి దిగాడు. బీకాం అయిపోయింది. బ్యాగు కింద పెట్టకముందే "అన్నా, హ్యాకింగ్ నేర్చుకోవాలి, ముందు ఏ లాంగ్వేజ్?" అన్నాడు. దగ్గర్లోని ఒక కోచింగ్ సెంటర్‌లో నాలుగు లాంగ్వేజులు ఒకే ప్యాకేజీలో ఇస్తామన్నారట. అలా నాలుగూ ఒకేసారి మొదలుపెట్టి, ఏదీ రాక ఊరెళ్ళిపోయినవాణ్ణి ఇదే పీజీలో చూశాను. ఒక్కటే పట్టుకోమన్నాను. ఏది అన్న దగ్గరే రాత్రి పన్నెండయింది.

సీ ముందు నేర్చుకోవాలనే వాళ్ళ వాదన గట్టిదే. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన భాష ఇది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఇందులోనే ఉంది. లిస్టులో లేని చోట చెయ్యి పెడితే పైథాన్ వెంటనే ఎర్రర్ అని అరుస్తుంది. సీ కిమ్మనదు. అరలీటరు చెంబులో లీటరు పాలు పోస్తే మిగతావి పక్క గిన్నెలో పడ్డట్టు, ఎక్కువైన డేటా పక్కనున్న మెమరీలోకి పొర్లుతుంది. ఆ పక్క గిన్నెలో, ప్రోగ్రాం తర్వాత ఎక్కడికెళ్ళాలో చెప్పే అడ్రసు ఉండొచ్చు. దాన్ని మార్చగలిగితే ప్రోగ్రాం మీ చేతిలో ఉన్నట్టే. 1988లో ఇంటర్నెట్‌లో తనంతట తానే పాకిన మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాం వాడిన దారుల్లో ఇదొకటి: 512 బైట్లు పట్టే చోట 536 బైట్లు పోసింది. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లొసుగు దీనికి తిరగేసిన కథ. పోయడం కాదు, పక్క గిన్నెలోంచి తోడుకోవడం, ఒక్కో విడతకు 64 కేబీ దాకా.

ఇదంతా చెప్తుంటే వాడి కళ్ళు మెరిశాయి. అయినా వాడికి సీ మొదట వద్దన్నాను. నేను అలాగే మొదలుపెట్టాను కాబట్టి తెలుసు. పాయింటర్లతో, అంటే మెమరీ అడ్రసులతో కుస్తీ పడుతూ నెలల తరబడి సెగ్మెంటేషన్ ఫాల్ట్ (ముట్టకూడని మెమరీని ముట్టి ప్రోగ్రాం ఆగిపోవడం) తప్ప ఇంకేమీ చూడలేదు. పక్కన చెప్పేవాడు లేకపోతే ఆ దశలోనే చాలామంది వదిలేస్తారు.

పైథాన్‌లో మొదటి వారంలోనే ఏదో ఒకటి కదులుతుంది. ఒక పోర్టు (నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే నంబరున్న తలుపు) తెరిచి ఉందో లేదో చూసే స్క్రిప్టు పది లైన్లు కూడా ఉండదు. నెట్‌వర్క్ ప్యాకెట్లతో ఆడుకునే స్కాపీ, డేటాబేస్ లొసుగులు వెతికే ఎస్‌క్యూఎల్‌మ్యాప్ పైథాన్‌లో రాసినవే. సీ ప్రోగ్రాంలో లొసుగు పట్టుకున్నవాళ్ళు కూడా దాన్ని వాడే స్క్రిప్టును పైథాన్‌లో, ఆ పనికే ఉన్న పీడబ్ల్యూఎన్‌టూల్స్ లైబ్రరీ పెట్టుకుని రాస్తుంటారు. చిక్కల్లా ఇది లోపలి సంగతులు దాచేయడం. ఎవరో రాసిన టూల్ నడిపించి అదే హ్యాకింగ్ అనుకునే బాపతు తయారయ్యేది ఇక్కడే.

జావాస్క్రిప్ట్‌కు ఇన్‌స్టాల్ గొడవే లేదు, బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే చాలు. 2005లో మైస్పేస్‌లో ఒక కుర్రాడు తన ప్రొఫైల్‌లో పెట్టిన జావాస్క్రిప్ట్ ఒక రోజు తిరక్కుండానే పది లక్షలకు పైగా ప్రొఫైళ్ళకు పాకింది. వెబ్‌సైట్లలో బగ్ బౌంటీ (లొసుగు చెప్పినవాళ్ళకు కంపెనీలిచ్చే బహుమతి) మీద కన్నుంటే ఈ కోడ్ చదవడం రాక తప్పదు. కానీ ఇందులో '5' + 1 అంటే 51 వస్తుంది, '5' - 1 అంటే 4 వస్తుంది. ఇలాంటివి హ్యాకర్‌కు పండగ, మొదటి నెల కుర్రాడికి తలనొప్పి.

రూబీ గురించి కూడా అడిగాడు. దాడులను పరీక్షించే టూల్ మెటాస్ప్లాయిట్ అందులో ఉంది, అవసరమొచ్చినప్పుడు చూసుకోవచ్చు.

వాడికి వెబ్ మీద ఆసక్తి. అందుకే మూడు నెలలు పైథాన్, రెండో నెల నుంచి జావాస్క్రిప్ట్ రాయకపోయినా చదవడం, ఆ తర్వాత సీ అని చెప్పాను. అదే ఎలక్ట్రానిక్స్ చదివి, రౌటర్లూ కెమెరాల ఫర్మ్‌వేర్ (లోపలుండే సాఫ్ట్‌వేర్) విప్పాలని వచ్చినవాడైతే నేనే సీతో మొదలుపెట్టమనేవాణ్ణి.

రెండో రోజే పీజీ ఓనర్ వైఫై వైపు చూశాడు. ఐటీ చట్టం 66వ సెక్షన్ తీసి చూపించాను: దురుద్దేశంతో ఇతరుల కంప్యూటర్‌లోకి చొరబడితే మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కావాలనే లొసుగులతో తయారుచేసిన డీవీడబ్ల్యూఏ అనే వెబ్ అప్లికేషన్‌ను సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని దాన్ని ఎంతైనా కొట్టుకోమన్నాను.

మొన్న వాడి మొదటి పోర్టు స్కానర్ పనిచేసింది. "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో 3306 పోర్టు ఎవరో తెరిచారు!" అని కంగారుగా వచ్చాడు. డీవీడబ్ల్యూఏ కోసం, ఆ పోర్టు వాడే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఎక్కించుకున్నది తనేనని మర్చిపోయాడు.