అమెరికా కాలేజీ ఆర్థిక సాయం: ఎస్‌ఏపీ నిబంధన, అప్పీలు ఎలా ఉన్నాయి?

పెల్ గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం), ఫెడరల్ లోను ఆగకూడదంటే ఎస్‌ఏపీ (శాటిస్‌ఫ్యాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్, అంటే చదువు సరిగ్గా ముందుకు సాగడం) ప్రమాణం అందుకోవాల్సిందే. జీపీఏ మెట్టు (మామూలుగా 2.0) అందరికీ తెలుసు. దెబ్బకొట్టేది పేస్ (చదువు సాగే వేగం) లెక్క. చాలా కాలేజీల్లో తీసుకున్న క్రెడిట్లలో 67 శాతం పాసవ్వాలి. 30 తీసుకుని 18 పాసైతే 60 శాతమే. డ్రాప్ గడువు దాటాక కోర్సు వదిలేస్తే పడే ‘డబ్ల్యూ’ (విత్‌డ్రా గుర్తు) జీపీఏని తాకదు గానీ, ఈ లెక్కలో ఫెయిలుతో సమానం. ఇంత ముఖ్యమైన మెలికని పాలసీ పేజీ అడుగున పెడతారు. వివరించే తీరుకి ఐదింటికి రెండు మార్కులే. మొత్తం తీసుకునే క్రెడిట్లకీ హద్దుంది: 120 క్రెడిట్ల డిగ్రీకి గరిష్ఠం 180. మేజర్ మార్చేవాళ్లు చూసుకోవాలి.

ప్రతి టర్మూ లెక్కచూసే కాలేజీ మొదటిసారి వార్నింగుతో ఒక టర్ము సాయం ఇవ్వొచ్చు. ఏడాదికోసారి చూసేచోట ఆ వెసులుబాటు లేదు, నేరుగా అప్పీలే.

అప్పీలుకి అవకాశమిచ్చే కాలేజీల్లో ఆ ఏర్పాటు మాత్రం న్యాయంగానే ఉంది. అనారోగ్యం, బంధువు మరణం లాంటి కారణంతోపాటు, ఇప్పుడు ఏం మారిందో కూడా రాయాలి. రెండోది లేకపోతే ఉత్తరం నిలవదు. ఆసుపత్రి కాగితాలు జతచేయండి. ఒప్పుకుంటే ఒక టర్ము ప్రొబేషన్, అంటే షరతు మీద సాయం. అంతలో కోలుకోలేనంత వెనకబడితే అకడమిక్ ప్లాన్, అంటే మళ్లీ ప్రమాణం అందుకునేలా వేసిచ్చే చదువు ప్రణాళిక.